మెల్లగా చదివిన అమ్మాయి, పసి గుండెలను చదివిన డాక్టర్



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ రిపోర్ట్ చేతికి రాగానే మన చూపు ముందుగా మార్కుల మీదికే పోతుంది. తోటి పిల్లలు గడగడా చదివేస్తుంటే మన బిడ్డ మాత్రం అక్షరాల దగ్గర తడబడుతోందని టీచర్ చెబితే ఆ రాత్రి సరిగా నిద్ర పట్టదు. ఈ నెల మనం తెలుసుకోబోయే అమ్మాయి కూడా బడిలో అలాగే తడబడింది. పెద్దయ్యాక వినికిడి కూడా దెబ్బతింది. అయినా ప్రపంచంలో పిల్లల గుండె వైద్యానికి పునాది వేసిన వారిలో మొదటి పేరు ఆమెదే. ఆమె డాక్టర్ హెలెన్ టాసిగ్.

ఊపిరితిత్తుల రక్తనాళాలకు రక్తం తక్కువైతే ఏమవుతుంది, ఎక్కువైతే ఏమవుతుంది అన్నది ఆమె పనికి మూలమైన ప్రశ్న. ఆ ప్రశ్న మన ఇళ్లలోని పిల్లలకూ సంబంధించినదే. అందుకే ఆమె జీవితంతో పాటు ఆ సంగతినీ ఇక్కడ చెప్పుకుందాం.

నాన్న పక్కన కూర్చుని

హెలెన్ 1898 మే 24న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ పట్టణంలో పుట్టింది. నలుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి ఫ్రాంక్ టాసిగ్ హార్వర్డ్ యూనివర్సిటీలో పేరున్న ఎకనామిక్స్ ప్రొఫెసర్. తల్లి ఈడిత్, ఆడపిల్లలకు కాలేజీ చదువు అరుదుగా దొరికే ఆ రోజుల్లోనే రాడ్‌క్లిఫ్ కాలేజీలో చదువుకున్న మనిషి. అలాంటి ఇంట్లో పుట్టిన పాపకు చదవడమే కష్టమైంది. అక్షరాలు తారుమారుగా కనిపించేవి. ఇప్పుడు మనం డిస్‌లెక్సియా అంటున్న ఈ ఇబ్బంది గురించి అప్పటి టీచర్లకు పెద్దగా తెలియదు. ఆ పాప తెలివితేటల మీదే కొందరికి అనుమానం కలిగింది.

హెలెన్‌కు 11 ఏళ్లప్పుడు తల్లి క్షయతో చనిపోయింది. ఆ జబ్బు హెలెన్‌కూ సోకడంతో బడికి సరిగా వెళ్లలేకపోయింది. అప్పుడు తండ్రి చేసిన పని గుర్తుపెట్టుకోదగ్గది. అంత పెద్ద ప్రొఫెసర్ కూతురి పక్కన కూర్చుని ఓపికగా చదివించాడు. పక్క పిల్లలతో పోల్చలేదు, తొందరపెట్టలేదు. ఆమె వేగంగా చదవడం ఎప్పటికీ అలవాటు చేసుకోలేదు గాని, చదివిన ప్రతి ముక్కా క్షుణ్ణంగా అర్థం చేసుకోవడం నేర్చుకుంది. ఒక విషయాన్ని వదలకుండా మళ్లీ మళ్లీ చూడటం ఆమెకు అక్కడే అలవాటైంది.

డిగ్రీ ఇవ్వమన్న యూనివర్సిటీ

రాడ్‌క్లిఫ్‌లో రెండేళ్లు చదివి, టెన్నిస్‌లో పేరు తెచ్చుకుని, 1921లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్లీ క్యాంపస్ నుంచి హెలెన్ డిగ్రీ పూర్తి చేశారు. డాక్టర్ కావాలన్నది కోరిక. కానీ హార్వర్డ్ మెడికల్ స్కూల్ అప్పటికి ఆడవాళ్లను చేర్చుకునేది కాదు. చేర్చుకోవడం మొదలైంది 1945లో. హార్వర్డ్‌లో కొన్ని పాఠాలు వినడానికి మాత్రం ఆమెకు అనుమతి దొరికింది. అదీ మగ విద్యార్థులకు దూరంగా కూర్చుని, వాళ్లతో మాట్లాడకుండా.

తర్వాత బోస్టన్ యూనివర్సిటీలో అనాటమీ చదువుతున్నప్పుడు ఒక ప్రొఫెసర్ ఆమె చేతికి ఎద్దు గుండె ఇచ్చి పరిశీలించమన్నారు. అలా మొదలైంది గుండెతో ఆమె స్నేహం. ఆయన సలహా మీదే బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో చేరారు. అది మొదటి నుంచీ మహిళలను చేర్చుకున్న మెడికల్ స్కూల్. 1927లో ఎం.డి. పట్టా చేతికి వచ్చింది. పెద్దల వైద్య విభాగంలో ఇంటర్న్‌షిప్ కొద్దిలో తప్పిపోవడంతో పిల్లల విభాగానికి వచ్చారు. 1930లో అక్కడి పిల్లల గుండె క్లినిక్ బాధ్యత ఆమెకు అప్పగించారు.

చేతివేళ్లతో విన్న గుండె చప్పుడు

గుండె డాక్టర్‌కు చెవులే ముఖ్యమైన ఆ కాలంలో, ముప్ఫైల వయసులో ఆమె వినికిడి బాగా తగ్గిపోయింది. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నారు. శబ్దాన్ని పెంచే స్టెతస్కోపు వాడారు. అంతకుమించి, బిడ్డ ఛాతీ మీద అరచేయి ఆనించి గుండె కదలికలను వేళ్లతోనే గుర్తుపట్టడం సాధన చేశారు. ఫ్లోరోస్కోపు ముందు బిడ్డను ఇటూ అటూ తిప్పి, గుండె నీడ ఏ కోణంలో ఎలా ఉందో చూసేవారు. చనిపోయిన బిడ్డల గుండెలను పరీక్షించి, తాను ముందు అనుకున్నది సరైనదో కాదో సరిచూసుకునేవారు.

ఆ క్లినిక్‌కు వచ్చే పిల్లల్లో కొందరి పెదవులు, గోళ్లు నీలంగా ఉండేవి. నాలుగడుగులు నడిస్తే ఆయాసం. నడుస్తూ నడుస్తూ గొంతుకు కూర్చుండిపోయేవారు. వాళ్లను బ్లూ బేబీలు అనేవారు. వాళ్ల కోసం చేయగలిగింది ఏమీ లేదని అప్పటి వైద్యుల నమ్మకం. హెలెన్ మాత్రం ఒక్కో బిడ్డనూ విడిగా చూస్తూ వచ్చారు.

రంగు ఒకటే, కారణాలు రెండు

ఇక్కడ కాస్త ఆగి గుండె పని చూద్దాం. గుండె కుడి భాగం ఒంట్లోని చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకున్న రక్తం ఎడమ భాగానికి వస్తుంది. ఎడమ భాగం దాన్ని ఒళ్లంతటికీ పంపుతుంది. ఎడమవైపు నాళాల్లో ఒత్తిడి ఎక్కువ, మనం బీపీ అని కొలిచేది అదే. ఊపిరితిత్తుల నాళాల్లో మాత్రం ఒత్తిడి చాలా తక్కువ. సగటున 14 యూనిట్ల దగ్గర ఉంటుంది. అందుకే ఆ నాళాల గోడలు పల్చన. ఆ సగటు 20 దాటితే దాన్నే పల్మనరీ హైపర్‌టెన్షన్, అంటే ఊపిరితిత్తుల బీపీ అంటారు. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీలో ఇది బయటపడదు.

బిడ్డ నీలంగా మారడానికి ఒక కారణం ఊపిరితిత్తులకు రక్తం చాలకపోవడం. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే పుట్టుక లోపంలో గుండె గదుల మధ్య రంధ్రం ఉంటుంది, ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకుగా ఉంటుంది. దాంతో చెడు రక్తం ఆ రంధ్రం గుండా పక్కకు మళ్లి ఒంట్లోకి పోతుంది.

రెండో కారణం దీనికి పూర్తిగా తలకిందులు. రంధ్రం పెద్దదిగా ఉండి, దారిలో ఇరుకు లేకపోతే ఎడమవైపు ఒత్తిడితో రక్తం ఊపిరితిత్తుల్లోకి వరదలా పోతుంది. బోరు మోటారు నీళ్లను నేరుగా డ్రిప్ పైపులోకి వదిలితే ఏమవుతుందో రైతు కుటుంబాలకు తెలుసు. రక్తనాళం లోపల ఒకే ఒక్క కణం మందాన ఉండే సున్నితమైన పొర ఒకటి ఉంటుంది. నాళాన్ని వదులుగా, మెత్తగా ఉంచే పదార్థాలను తయారుచేసేది అదే. ఏళ్ల తరబడి ఒత్తిడి తగిలితే ఆ పొర దెబ్బతింటుంది. నాళాన్ని వదులు చేసే పదార్థాలు తగ్గి, బిగించేవి పెరుగుతాయి. గోడలోని కండరం మందమవుతుంది. లోపలి దారి సన్నబడుతుంది. దారి సన్నబడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, ఆ ఒత్తిడికి గోడ ఇంకా దెబ్బతింటుంది.

ఆ భారమంతా మోయాల్సింది గుండె కుడి గది. అది మొదట కండ పెంచుకుంటుంది, తర్వాత సాగిపోతుంది, చివరికి అలసిపోతుంది. ఆయాసం, కాళ్ల వాపు, స్పృహ తప్పడం మొదలవుతాయి. కుడివైపు ఒత్తిడి ఎడమవైపును మించిన రోజున రంధ్రంలో రక్తం దిశ మారుతుంది. అప్పటిదాకా మామూలు రంగులో ఉన్న మనిషి నీలంగా మారతాడు. ఇలాంటి రోగి గురించి 1897లో విక్టర్ ఐసెన్‌మెంగర్ అనే వైద్యుడు రాశాడు. అది ఎలా జరుగుతుందో 1958లో లండన్ వైద్యుడు పాల్ వుడ్ వివరంగా చూపించాడు.

పైకి ఇద్దరు బిడ్డలూ నీలమే. ఒకరికి ఊపిరితిత్తులకు రక్తం పెంచాలి. రెండోవారికి పెంచితే ప్రాణానికే ముప్పు. ఈ తేడాను ముందుగా గుర్తుపట్టడమే చికిత్సకు తొలిమెట్టు.

ఫెయిలైన ప్రయోగం పనికొచ్చింది

తల్లి కడుపులో ఉన్నప్పుడు ప్రతి బిడ్డకూ ఊపిరితిత్తుల ధమనిని, ఒంటికి రక్తం పంపే పెద్ద ధమనిని కలిపే చిన్న నాళం ఉంటుంది. దాన్ని డక్టస్ అంటారు. పుట్టాక అది మూసుకుపోతుంది. హెలెన్ గమనించింది ఇది: కొందరు బ్లూ బేబీలు డక్టస్ తెరిచి ఉన్నంతకాలం ఫర్వాలేదనిపించి, అది మూసుకోగానే ఒక్కసారిగా క్షీణించిపోతున్నారు. అంటే ఆ నాళమే వాళ్ల ఊపిరితిత్తులకు రక్తం అందిస్తోంది. అలాంటి నాళాన్ని మనమే ఏర్పాటు చేస్తే?

1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్, మూసుకోకుండా మిగిలిపోయిన డక్టస్‌ను ఆపరేషన్‌తో మూసి పేరు తెచ్చుకున్నారు. హెలెన్ ఆయన దగ్గరికి వెళ్లి తన ఆలోచన చెప్పారు. ఆయన ఆసక్తి చూపలేదు.

1941లో ఆల్ఫ్రెడ్ బ్లాలక్ సర్జరీ విభాగం అధిపతిగా జాన్స్ హాప్కిన్స్‌కు వచ్చారు. ఆయన వెంట వివియన్ థామస్ వచ్చారు. థామస్ నల్లజాతి యువకుడు, వడ్రంగి పని తెలిసినవాడు. డాక్టర్ చదువు కోసం దాచుకున్న డబ్బు 1930లో బ్యాంకు మునిగి పోయింది; ల్యాబ్‌లో చిన్న ఉద్యోగంలో చేరి, సర్జరీలో అసాధారణ నేర్పు సంపాదించాడు. అంతకుముందు నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో బ్లాలక్ ల్యాబ్‌లో ఒక ప్రయోగం జరిగింది. ఊపిరితిత్తుల బీపీ ఎలా వస్తుందో తెలుసుకోవడానికి కుక్కల్లో చేయి వైపు వెళ్లే ధమనిని తెచ్చి ఊపిరితిత్తుల ధమనికి కలిపారు. అనుకున్నట్టు బీపీ పెరగలేదు. ఆ లెక్కన ప్రయోగం ఫెయిల్.

హెలెన్ తన ఆలోచన చెప్పినప్పుడు ఆ పాత ప్రయోగమే దారి చూపింది. పల్మనరీ హైపర్‌టెన్షన్ తెప్పించడానికి వేసిన కుట్టు, రక్తం అందని ఊపిరితిత్తులకు రక్తం అందించే కుట్టుగా మారింది. థామస్ దాదాపు రెండేళ్లు దాన్ని ల్యాబ్‌లో కుక్కలపై సాధన చేసి, పద్ధతిని సిద్ధం చేశాడు.

1944 నవంబరు 29న 15 నెలల పాపకు తొలి ఆపరేషన్ జరిగింది. ఆ పాప బరువు 5 కిలోలు కూడా లేదు. బ్లాలక్ ఆపరేషన్ చేస్తుంటే, థామస్ ఆయన వెనక స్టూలు మీద నిలబడి ఒక్కో కుట్టూ ఎలా వేయాలో చెబుతూ వచ్చాడు. హెలెన్ అక్కడే ఉన్నారు. పాప కోలుకుంది, ఇంటికి వెళ్లింది. కానీ కొన్ని నెలలకు మళ్లీ నీలిరంగు కమ్మింది. రెండో ఆపరేషన్ తర్వాత ఆ పాప దక్కలేదు. అయినా ఆ కొద్ది నెలల ఊపిరి ఒక దారి ఉందని నిరూపించింది. మూడో ఆపరేషన్‌లో ఆరేళ్ల బాబు పెదవులు టేబుల్ మీదే గులాబీ రంగుకు తిరిగాయి. 1945లో ఆ ముగ్గురు పిల్లల వివరాలు మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాక దేశదేశాల నుంచి తల్లిదండ్రులు బిడ్డలను ఎత్తుకుని బాల్టిమోర్‌కు వచ్చారు. 1951 నాటికి అక్కడ ఆపరేషన్లు 1000 దాటాయి.

థామస్ పేరు ఆ వ్యాసంలో లేదు. ఆయనకు జాన్స్ హాప్కిన్స్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 1976లో. ఇప్పుడు చాలామంది వైద్యులు ఆ ఆపరేషన్‌ను ముగ్గురి పేర్లతోనూ పిలుస్తున్నారు.

ఎక్కువైనా ముప్పే

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1946లో షికాగోలో విల్లిస్ పాట్స్ అనే సర్జన్ ఇంకో పద్ధతి కనిపెట్టారు. పెద్ద ధమనినే నేరుగా ఊపిరితిత్తుల ధమనికి కలిపారు. చిన్న బిడ్డలకు అది సులువుగా అనిపించింది. కానీ బిడ్డతో పాటు ఆ కలిపిన దారీ పెరిగింది. రక్తం అవసరానికి మించి పోయింది. ఏళ్లు గడిచాక వాళ్లలో చాలామందికి ఊపిరితిత్తుల నాళాలు దెబ్బతిని పల్మనరీ హైపర్‌టెన్షన్ వచ్చింది. అందుకే ఆ పద్ధతి వెనకబడిపోయింది. బ్లాలక్ పద్ధతిలో కలిపేది సన్నని ధమని కాబట్టి ఆ ముప్పు తక్కువ, అయినా కొందరిలో అక్కడా వచ్చింది. గుండెను తెరిచి లోపాన్నే సరిచేసే ఆపరేషన్లు వచ్చాక, ఈ కుట్టు పూర్తి ఆపరేషన్ వరకు బిడ్డను నిలబెట్టే తొలి సాయంగా మిగిలింది.

హెలెన్ తన రోగులను ఆపరేషన్ అయ్యాక మర్చిపోలేదు. వాళ్లు పెద్దవాళ్లై, ఉద్యోగాల్లో చేరి, పెళ్లిళ్లు చేసుకున్నా ఉత్తరాలు రాస్తూ, పరీక్షిస్తూ వచ్చారు. ఆపరేషన్ చేసిన రోజున కాదు, 20 ఏళ్ల తర్వాతే అసలు ఫలితం తెలుస్తుందన్నది ఆమె పట్టుదల. 1947లో అచ్చయిన ఆమె పుస్తకం పుట్టుకతో వచ్చే గుండె లోపాల మీద ఎన్నో దేశాల వైద్యులకు పాఠ్యగ్రంథమైంది.

ఆమె శిష్యురాలు, మన వంటిళ్లు

ఆమె దగ్గర నేర్చుకున్న వారిలో మన దేశపు తొలి మహిళా కార్డియాలజిస్ట్ డాక్టర్ ఎస్. పద్మావతి ఒకరు. తిరిగి వచ్చి ఢిల్లీలోని లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీలో గుండె క్లినిక్ పెట్టారు. 1950లలో ఆమె ఒక విషయం గమనించారు. సిగరెట్టు, బీడీ అలవాటు అంతగా లేని ఆడవాళ్లలో కూడా గుండె కుడి భాగం దెబ్బతినడం ఎక్కువగా కనిపిస్తోంది. కట్టెలు, పిడకల పొగ నిండిన వంటిల్లు అందుకు ఒక ముఖ్యమైన కారణమని ఆమె పరిశోధన చెప్పింది. పొగ వల్ల ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ తగ్గితే అక్కడి నాళాలు బిగుసుకుంటాయి. ఏళ్లకేళ్లు అలా బిగుసుకుంటే మందమవుతాయి. చివరికి భారం పడేది కుడి గుండె మీదే. బాల్టిమోర్‌లో రంధ్రం చేసిన హాని, ఇక్కడ మన అమ్మమ్మల, నాయనమ్మల పొయ్యి చేసింది.

చివరి వరకూ

1962లో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర వల్ల జర్మనీలో కాళ్లూచేతులూ సరిగా లేని బిడ్డలు పుడుతున్నారని తన పాత శిష్యుడి ద్వారా తెలిసింది. వెంటనే స్వయంగా అక్కడికి వెళ్లి చూసి, తిరిగి వచ్చి అమెరికాలో డాక్టర్లను, ప్రభుత్వాన్ని హెచ్చరించారు. ఆ ఏడాదే అక్కడ మందుల చట్టాన్ని కఠినం చేశారు. ఇంత పని చేసినా ఆమెకు ఫుల్ ప్రొఫెసర్ పదవి వచ్చింది 1959లో, 61 ఏళ్ల వయసులో. 1964లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. 1965లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. రిటైరయ్యాక పక్షుల గుండెల మీద పరిశోధన చేశారు. 1986 మే 20న పెన్సిల్వేనియాలో కారు ప్రమాదంలో కన్నుమూశారు. 88వ పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు.

మనం చేయగలిగింది

ఈ జీవితం నుంచి తల్లిదండ్రులుగా మనం రెండు విషయాలు తీసుకోవచ్చు.

ఒకటి: గుండెలో రంధ్రం అనగానే భయపడనక్కర్లేదు, నిర్లక్ష్యమూ వద్దు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయి. పెద్దవాటికి సరైన సమయంలో ఆపరేషన్ చేస్తే ఊపిరితిత్తుల నాళాలు నిలుస్తాయి. పెద్ద రంధ్రం ఉన్న పసిబిడ్డల్లో చాలామందికి మొదటి ఏడాదిలోనే చేసేది ఇందుకే. కాస్త పెద్దయ్యాక చూద్దాం, మంచి రోజులు రానీ అని వాయిదా వేస్తే, నాళాలు తిరిగి బాగుకాని స్థితికి చేరవచ్చు. ఆ తర్వాత రంధ్రం మూయడమే ప్రమాదమవుతుంది. పాలు తాగుతూ చెమటలు పట్టడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం పసిబిడ్డల్లో గమనించాల్సిన సంగతులు. బడి పిల్లల్లో అయితే మెట్లెక్కితే తోటివారికి లేని ఆయాసం, ఆటలో స్పృహ తప్పడం, పెదవులు నీలంగా మారడం. ఇవి కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి. ఎకో పరీక్షకు నొప్పి ఉండదు. పిల్లవాడు పీఈ పీరియడ్‌లో తరచూ కూర్చుండిపోతున్నాడని టీచర్ చెబితే బద్ధకం అనుకునే ముందు ఒకసారి ఆలోచించండి. మీ బిడ్డకు గుండె సమస్య ఉంటే ఆ సంగతి క్లాస్ టీచర్‌కు, పీఈ సార్‌కు తప్పక తెలియజేయండి.

రెండోది: మెల్లగా చదివే బిడ్డను మందబుద్ధి అనకండి. ఆ బిడ్డ పక్కన రోజూ కాసేపు కూర్చోండి, ఫోన్ పక్కన పెట్టి. కేంబ్రిడ్జ్‌లో ఒక తండ్రి అలా కూర్చోబట్టే, ఎక్కడో బాల్టిమోర్‌లో వేలమంది పిల్లల పెదవులకు రంగు తిరిగొచ్చింది.